గొట్టానికి పీఠం, గొంతుకు అటక: గ్రామఫోను రికార్డులు – తెలుగు పరిశోధన

వ్యాస సంగ్రహం

తొలితరం ధ్వనిముద్రణ యంత్రాల వారసత్వం తెలుగునాట నేడు ప్రధానంగా అలంకార వస్తువుల రూపంలో మిగిలి ఉన్నది. ఇత్తడి గొట్టం గల గ్రామఫోను గతానికి గుర్తుగా గౌరవం పొందుతున్నది. దాని మీద తిరిగిన రికార్డుకు మాత్రం సాహిత్య పరిశోధనలో ప్రాథమిక ఆధారంగా స్థానం దక్కలేదు. తాళపత్రాన్నీ రాగిరేకునూ పాఠంగా చదివిన తెలుగు పరిశోధన రికార్డును పాఠంగా చదవకపోవడానికి శాస్త్రీయమైన కారణం ఏదీ లేదని ఈ వ్యాసం వాదిస్తుంది. పద్యనాటకం, జావళి, గేయం అనే మూడు ప్రక్రియల నుంచి ఉదాహరణలు చూపి, రికార్డుకు పాఠపరిష్కరణ సూత్రాలను వర్తింపజేయవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రామఫోను రికార్డు, పద్యనాటకం, పాఠపరిష్కరణ, పాఠాంతరం, జావళి, రికార్డింగ్ డాన్సు.

1. ఉపోద్ఘాతం

పెళ్ళి పందిళ్ళలో, హోటళ్ళ ముంగిళ్ళలో, సినిమా సెట్లలో 'పాతకాలం' అనే భావాన్ని చూపవలసి వచ్చినప్పుడు వాడే వస్తువులలో ఇత్తడి గొట్టం గ్రామఫోను ఒకటి. దాని మీద ఉన్న రికార్డు ఏదని అడిగేవారు అరుదు. చాలాచోట్ల రికార్డే ఉండదు. ఉన్నా ముల్లు దానికి ఆనదు. చోర్ బజార్లలో అమ్మే యంత్రాలలో అనేకం పాత విడిభాగాలకు కొత్త గొట్టం బిగించి, కుక్కబొమ్మ అతికించి తయారుచేసినవే. కొనేవారికి అభ్యంతరం లేదు. వారికి కావలసింది వినడం కాదు, చూపడం.

వ్యాపారి ఈ పని చేస్తే తప్పుపట్టనవసరం లేదు. అదే దృష్టి పరిశోధనలోనూ కొనసాగడం ఆక్షేపణీయం. పద్యనాటక చరిత్రను రాసేటప్పుడు నాటకకర్తల వివరాలు, ఇతివృత్త మూలాలు, ప్రదర్శించిన సమాజాలు, నటుల బిరుదులు శ్రద్ధగా నమోదవుతున్నాయి. నటుడు పద్యాన్ని ఎక్కడ విరిచాడు, ఏ మాటను మార్చాడు, ఏ పాదాన్ని రెండుసార్లు పాడాడు అనే ప్రశ్నలకు రికార్డును ఉటంకించి సమాధానం చెప్పే పద్ధతి మాత్రం స్థిరపడలేదు. గ్రామఫోను ప్రస్తావన వచ్చినచోట అది 'ఆ రోజులలో ఇంటింటా మారుమోగింది' అనే ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ఆ మోగిన దానిలో ఏమున్నదో పరిశీలించడం సాహిత్య పరిశోధకుని పని కాదన్న అభిప్రాయం ఆ వాక్యం వెనుక ఉన్నది. ఈ వ్యాసం ఖండించేది ఆ అభిప్రాయాన్ని.

2. జ్ఞాపిక చెప్పే అబద్ధం

గ్రామఫోను జ్ఞాపికలలో అత్యంత ప్రసిద్ధమైనది గొట్టం ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ. 'హిజ్ మాస్టర్స్ వాయిస్' పేరుతో లోకమంతటా ప్రచారంలోకి వచ్చిన ఈ చిత్రాన్ని ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ గీశాడు. ఆయన మొదట చిత్రించినది గ్రామఫోనును కాదు. స్తూపాకారపు మైనపు గొట్టం మీద ధ్వనిని ముద్రించే ఫోనోగ్రాఫును. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ చిత్రాన్ని కొనడానికి ముందు పాత యంత్రం మీద రంగు పూసి, దాని స్థానంలో తమ పళ్ళెపు యంత్రాన్ని గీయించుకున్నది. ధ్వనిముద్రణ చరిత్రకు చిహ్నంగా నిలిచిన చిత్రమే ఆ చరిత్రలోని ఒక దశను రంగు కింద దాచిపెట్టింది.

ఈ మార్పు సాంకేతికంగా చిన్నది కాదు. 1877లో ఎడిసన్ రూపొందించిన ఫోనోగ్రాఫు ధ్వనిని పట్టుకోగలదు, వినిపించనూ గలదు. దానిని కొన్న వ్యక్తి తన గొంతును తానే ముద్రించుకోగలడు. ఎమిల్ బెర్లినర్ 1887లో రూపొందించిన గ్రామఫోను పద్ధతిలో ఒక మూలముద్ర నుంచి వేల ప్రతులు తీయవచ్చు. కాని ఇంట్లో ఉన్న యంత్రం వినిపించడానికే పనికివస్తుంది. ముద్రించే అధికారం కంపెనీ చేతికి, వినే అవకాశం కొనుగోలుదారు చేతికి విడివిడిగా చేరాయి. ఎవరి గొంతు ముద్రణకు యోగ్యమో నిర్ణయించే వ్యవస్థ ఆ విభజనతోనే బలపడింది. రాతప్రతి నుంచి అచ్చుపుస్తకానికి మారినప్పుడు జరిగిన దానికి ఇది సమానమైన పరిణామం. అచ్చుయంత్రం రాకను తెలుగు సాహిత్య చరిత్ర ఒక యుగసంధిగా గుర్తించింది. గ్రామఫోను రాకను వినోద విశేషంగా వదిలివేసింది.

గొట్టం బొమ్మ తెలుగువారి అనుభవానికి కూడా పూర్తిగా అనుగుణమైనది కాదు. 1930ల తరువాత విరివిగా వాడుకలోకి వచ్చినది బయటకు గొట్టం కనిపించని, మూత మూసి చేత్తో పట్టుకుపోగల పెట్టె. కీ ఇచ్చి, ముల్లు మార్చి, 'ప్లేటు' వేసి విన్న తరం చూసింది ఎక్కువగా దానినే. జ్ఞాపిక తన అందం కోసం జ్ఞాపకాన్నే మార్చివేసింది. ఈ యంత్రాల నిజమైన వారసత్వం నేటికీ భాషలో సజీవంగా ఉన్నది. చెప్పిందే చెప్పేవారిని 'అరిగిపోయిన రికార్డు' అనడం ఆ వారసత్వమే. తిరునాళ్ళలో, జాతరలలో రికార్డు పాటకు ఆడే ఆటకు 'రికార్డింగ్ డాన్సు' అన్న పేరు రావడం ఆ వారసత్వమే. ఈ మాటలు ఏ అలంకరణ దుకాణంలోనూ దొరకవు. నిఘంటుకర్త, సాంస్కృతిక చరిత్రకారుడు పట్టించుకుంటేనే నమోదవుతాయి.

3. గాడి కూడా రాతే

ధ్వనిముద్రణ యంత్రాలకు వాటి నిర్మాతలు పెట్టిన పేర్లలోనే రాత అనే భావం ఉన్నది. ఫోనోగ్రాఫు అంటే ధ్వనిని రాసేది. అంతకు ముందే, 1857లో, ఫ్రెంచి దేశస్థుడు స్కాట్ ద మార్తెన్‌విల్ రూపొందించిన ఫోనాటోగ్రాఫు ధ్వని తరంగాలను మసి పూసిన కాగితం మీద గీతలుగా రాసేది. ఆ గీతలను తిరిగి వినిపించాలన్న ఉద్దేశం దాని నిర్మాతకు లేదు. కంటితో చదవడమే ఆయన లక్ష్యం. 1860లో ఆయన గీయించిన ఒక పాట గీతలను 2008లో అమెరికా పరిశోధకులు కంప్యూటరు సహాయంతో ధ్వనిగా మార్చి వినిపించారు. దాదాపు నూట యాభై ఏళ్ళు మూగగా ఉన్న రాతను పాఠంగా భావించి చదివినందువల్లనే అది సాధ్యమైంది. కాగితాన్ని ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో ఉంచి తృప్తిపడి ఉంటే ఆ గొంతు ఎన్నటికీ వినిపించేది కాదు.

తెలుగు పరిశోధనకు ఈ దృష్టి కొత్తది కాదు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం నుంచి వెలువడిన తాళ్ళపాక కవుల రాగిరేకులను పండితులు వస్తు విశేషాలుగా చూడలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ రేకుల మీది అక్షరాలను చదివి, పరిష్కరించి, ప్రచురించారు. లోహం మీద చెక్కిన పాటకు పాఠగౌరవం దక్కింది. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలికితెచ్చినప్పుడు పండితలోకం ఆ ప్రతి పాఠాన్నీ ప్రామాణికతనూ దశాబ్దాల పాటు చర్చించింది. తాటాకుల అందాన్ని కాదు. సి.పి. బ్రౌన్ సేకరణల విలువ ఆయన కూర్చిన ప్రతుల సంఖ్యలోనే కాదు, ప్రతులను పోల్చి పాఠభేదాలను గుర్తింపజేసిన పద్ధతిలోనూ ఉన్నది.

రాగిరేకు మీద చెక్కినది పాఠమైనప్పుడు లక్క పళ్ళెం మీద చెక్కినది పాఠం కాకపోవడం ఎలా? రెండూ గట్టి పదార్థం మీద చేసిన గాట్లే; రెండింటిలోనూ ఉన్నది పాటే. రాగిరేకు పాట మాటలను, రాగం పేరును ఇస్తుంది; రికార్డు మాటలను, రాగాన్ని, లయను, ఉచ్చారణను, ఊపిరిని కూడా ఇస్తుంది. సమాచారం ఎక్కువగా ఇచ్చే ఆధారాన్ని తక్కువ స్థాయి ఆధారంగా భావించడం వింత. ఈ రికార్డులకు ముడిసరుకైన లక్క అధికభాగం భారతదేశపు అడవుల నుంచే ప్రపంచ మార్కెట్టుకు వెళ్ళింది. ఇక్కడి లక్క, ఇక్కడి గొంతు కలిసి పరదేశంలో అచ్చయి తిరిగివచ్చిన ఆ పళ్ళెం ఇక్కడి పరిశోధనకు మాత్రం పరాయి వస్తువుగానే మిగిలింది.

4. అచ్చు గ్రంథం చెప్పనివి

రికార్డు లేకున్నా అచ్చులో మాటలు ఉన్నాయి కదా అన్న వాదానికి తెలుగు పద్యనాటకమే సమాధానం చెబుతుంది. రంగస్థలం మీద వినిపించిన పాఠం, అచ్చయిన నాటకంలోని పాఠం ఒకటి కావు. ముత్తరాజు సుబ్బారావు రచించిన 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామ పాత్రకు పేరుతెచ్చిన 'మీరజాలగలడా' పాట నాటకకర్త రాసినది కాదు. ఆ పాత్రను ధరించిన స్థానం నరసింహారావు స్వయంగా కూర్చుకున్నది. తరువాత 1966 నాటి చలనచిత్రంలోకి కూడా ఆ పాట ప్రవేశించింది. అచ్చు నాటకాన్ని మాత్రమే ప్రమాణంగా తీసుకునే పరిశోధన నటుని ఈ కర్తృత్వాన్ని అధస్సూచికకు పరిమితం చేస్తుంది. ప్రేక్షకుల జ్ఞాపకంలో ఆ నాటకానికి మరో పేరుగా నిలిచినది ఆ పాటే.

బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్ర' విషయం మరింత ఆలోచించదగినది. కాటి సీనులో హరిశ్చంద్ర పాత్రధారులు గుఱ్ఱం జాషువా రచించిన శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడటం ఆనవాయితీ అయింది. అచ్చయిన నాటకంలో ఆ పద్యాలు లేవు. ప్రేక్షకుని నాటకంలో ఉన్నాయి. జాషువా కవిగా ఎదుర్కొన్న కులవివక్ష సాహిత్య చరిత్రకు తెలిసినదే. ఆ కవి పద్యాలు పౌరాణిక నాటకం నడిబొడ్డుకు చేరి, ఊరూరా 'వన్స్ మోర్' అందుకోవడం తెలుగు సాహిత్య సమాజశాస్త్రంలో పెద్ద ఘట్టం. ఏ నటుడు ఏ పద్యాలను ఎంచుకున్నాడు, ఏ వరుసలో పాడాడు, ఏ పదాన్ని సవరించాడు అని తెలుసుకోవాలంటే అచ్చు పుస్తకం నిరుపయోగం. నటుల ధ్వనిముద్రణలే దానికి ఆధారం. వాటిని సేకరించి పోల్చకుండా జాషువా పద్యాల రంగస్థల వ్యాప్తి గురించి చెప్పే మాటలు ఊహలుగానే ఉంటాయి.

గేయం విషయానికి వస్తే శంకరంబాడి సుందరాచారి 'మా తెలుగు తల్లికి' గీతాన్ని 1942లో 'దీనబంధు' చిత్రం కోసం రాశారు. చిత్రంలో దానికి చోటు దక్కలేదు. టంగుటూరి సూర్యకుమారి గానంతో రికార్డుగా వెలువడి అది జనంలోకి వెళ్ళింది. తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైంది. ఒక ప్రాంతపు రాజకీయ భావనను కూర్చిన గీతం చిత్రంలో తిరస్కృతమై, రికార్డు దారిన ప్రాణం పోసుకున్నది. కరుణశ్రీ పుష్పవిలాపం పద్యాలు పుస్తకం తెరవని లక్షలమందికి చేరినది ఘంటసాల రికార్డు ద్వారానే. పాఠకుని చేరిన మార్గం సాహిత్య చరిత్రలో భాగమని అంగీకరించేవారు ఈ మార్గాన్ని మాత్రం చరిత్ర వెలుపల ఉంచజాలరు.

ఛందశ్శాస్త్ర దృష్టితోనూ రికార్డు అవసరమే. లక్షణ గ్రంథం గణాలను, యతిప్రాసలను చెబుతుంది. పాడే నటుడు పాదాంతంలో ఆగాడా, అర్థం ముగిసిన చోట ఆగాడా, యతిస్థానాన్ని చెవికి తెలిసేలా నొక్కాడా, దాటివేశాడా అన్నది గ్రంథం చెప్పదు. పది అంగుళాల రికార్డులో ఒక ముఖానికి సుమారు మూడు నిమిషాల వ్యవధి మాత్రమే దొరుకుతుంది. రంగస్థలం మీద పద్యం చివర సాగే సుదీర్ఘ రాగాలాపన ఆ మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చింది. రికార్డు విని నేర్చుకున్న తరువాతి తరం గాయకుల పద్యపఠనం మీద ఆ కుదింపు ప్రభావం ఎంత అన్నది ఒక పూర్తి పరిశోధనకు సరిపోయే సమస్య.

5. వినిపించకుండా పోయిన గొంతులు

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి భారతదేశంలో రికార్డింగులు మొదలుపెట్టినప్పుడు ముందుకు వచ్చి పాడినవారిలో ప్రముఖులు వృత్తి గాయనులు. పాట చివర తన పేరును తానే ఆంగ్లంలో ప్రకటించుకున్న గౌహర్ జాన్ గొంతు దేశమంతటా తెలిసినదే. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం ఏర్పడే వరకు ఈ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి వచ్చేవి. దక్షిణాదిలోనూ తొలి రికార్డులకు పాడినవారిలో దేవదాసీ సంప్రదాయానికి చెందిన స్త్రీలు ముఖ్యులు. సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి వంటి గాయనులు తమిళదేశంలో ఉండి పాడినా, వారి సంగీతంలో సాహిత్యం ఎక్కువగా తెలుగు: త్యాగరాజ కీర్తనలు, పదాలు, జావళీలు.

తాయి రికార్డులను ఫ్రెంచి స్వరకర్త మోరిస్ దెలాజ్ శ్రద్ధగా విన్నాడు. 1912-13 నాటి ఆయన రచన 'నాలుగు హిందూ కవితలు' మీద ఆ గానశైలి ప్రభావాన్ని సంగీత చరిత్రకారులు వివరంగా చర్చించారు. తెలుగు సాహిత్యాన్ని పాడిన గొంతును ఒక ఫ్రెంచి స్వరకర్త చదివినంత దగ్గరగా తెలుగు సాహిత్య పరిశోధన చదవలేదు. జావళిని సాహిత్య ప్రక్రియగా చర్చించే వ్యాసాలలో శృంగార నాయికా భేదాలు, కర్తల కాలనిర్ణయం కనిపిస్తాయి. జావళిని వృత్తిగా పాడిన స్త్రీ ఏ చరణాన్ని ఉంచింది, దేనిని వదిలింది, ఏ మాటను ఎలా పలికి అర్థాన్ని మార్చింది అన్న చర్చ అరుదు.

బెంగుళూరు నాగరత్నమ్మ ఇందుకు మంచి ఉదాహరణ. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' కావ్యాన్ని ఆమె 1910లో పరిష్కరించి ప్రచురించిన వైనం, దాని మీద వచ్చిన నిషేధం, ఆ నిషేధం 1947లో తొలగిన తీరు నేడు స్త్రీవాద సాహిత్య చరిత్రలో పాఠ్యాంశాలు. అది న్యాయమే. నాగరత్నమ్మ గాయని, ఆమె రికార్డులు వెలువడ్డాయి. పరిష్కర్తగా ఆమె అచ్చు వేయించిన కావ్యానికి సాహిత్య చరిత్రలో స్థానం దొరికింది. ఆమె గొంతుకు దొరకలేదు. అచ్చులోకి వచ్చిన స్త్రీనే సాహిత్య స్త్రీగా గుర్తించే అలవాటు, ఆ స్త్రీని ఒకప్పుడు వెలివేసిన దృష్టికి చాలా దగ్గరి చుట్టం.

రికార్డింగ్ డాన్సు పరిస్థితి దీనికి కొనసాగింపు. రికార్డు పాటను ఊరి వేదిక మీదికి తెచ్చినది ఆ ప్రదర్శనే. దానిని అశ్లీలమని తీసిపారేసినవారే గొట్టం గ్రామఫోనును సంస్కృతీ చిహ్నంగా ఇంట పెట్టుకోగలరు. యంత్రానికి కులం అంటదు. ఆ యంత్రంతో బతికిన మనుషులకు అంటుతుంది. జ్ఞాపికను ఇష్టపడి, గొంతును పక్కనపెట్టడంలో ఉన్న సౌకర్యం ఇదే.

6. అభ్యంతరాలు – సమాధానాలు

ఈ ప్రతిపాదనకు ప్రధానంగా మూడు అభ్యంతరాలు ఎదురవుతాయి.

మొదటిది, రికార్డు సంగీతశాఖ పరిధిలోనిది, సాహిత్యశాఖది కాదు అన్నది. ఈ విభజన విశ్వవిద్యాలయాల పరిపాలనా సౌకర్యం మాత్రమే. పదం, కీర్తన, యక్షగానం, హరికథ, పద్యనాటకం సాహిత్య పాఠ్యప్రణాళికలో ఉన్నంతకాలం వాటి వినికిడి రూపం కూడా సాహిత్యశాఖ బాధ్యతే. సంగీతశాఖ రాగాన్ని, తాళాన్ని చూస్తుంది. పాఠభేదాన్ని, ఉచ్చారణను, కర్తృత్వాన్ని చూడవలసినది సాహిత్య పరిశోధకుడే.

రెండవది, రికార్డు వ్యాపార వస్తువు, కంపెనీ అభిరుచికి లోబడినది, కనుక ప్రామాణికం కాదు అన్నది. ఈ వాదంలో సగం నిజం ఉన్నది. ఏది అమ్ముడుపోతుందో అదే ముద్రణ పొందింది. గొట్టంలోకి గట్టిగా పాడగల గొంతుకే 1925లో విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చేవరకు ప్రాధాన్యం దొరికింది. కాని అచ్చుపుస్తకం కూడా వ్యాపార వస్తువే. వావిళ్ళవారి ప్రచురణలు అంగడిలో అమ్ముడుపోయాయి కనుక వాటిని ఆధారాలుగా అంగీకరించకూడదని ఎవరూ అనలేదు. ఆధారం పుట్టిన పరిస్థితులను పరిగణనలోకి తీసుకోవడం పరిశోధన. ఆ పరిస్థితుల పేరిట ఆధారాన్నే వదలడం సోమరితనం.

మూడవది కొంత బలమైనది: మౌఖిక, ప్రదర్శన కళలు ప్రతిసారీ మారుతూ ఉంటాయి, రికార్డు ఒక్క ప్రదర్శనను గడ్డకట్టించి అదే అసలు రూపమన్న భ్రమ కల్పిస్తుంది. ఈ ప్రమాదం వాస్తవమే. ఒకే పద్యాన్ని అనేకమంది పాడిన రికార్డులను పక్కపక్కన ఉంచి చదవడం దానికి విరుగుడు. ఒక్క తాళపత్ర ప్రతి ఆధారంగా పరిష్కరించిన గ్రంథాన్ని పండితులు అనుమానంతో చూస్తారు. అనేక ప్రతులను కోరతారు. రికార్డు విషయంలోనూ కోరవలసినది అదే. మార్పును చూపగలిగేది కూడా రికార్డుల పోలికే. అచ్చు పుస్తకం మార్పు జరిగిందన్న సంగతినే దాచేస్తుంది.

7. రికార్డుకు పాఠపరిష్కరణ

రికార్డును పాఠంగా అంగీకరించడం అంటే దానిని ఉన్నది ఉన్నట్లు నమ్మడం కాదు. దానికీ లేఖక దోషాల వంటివి ఉన్నాయి. నిమిషానికి 78 చుట్లు అనే వేగం స్థిరపడక ముందు రికార్డుల వేగాలు వేరువేరుగా ఉండేవి. 74 చుట్ల వేగంతో ముద్రించిన దానిని 78 వేగంతో తిప్పితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం మేర పెరుగుతుంది. గొంతు సన్నబడుతుంది, నడక వేగవంతమవుతుంది. ఇంటర్నెట్టులో నేడు దొరికే పాత పద్యాలలో ఏది ఏ వేగంతో ఎక్కించారో చెప్పే సమాచారం తరచుగా ఉండదు. అటువంటి ప్రతిని విని 'పూర్వపు నటుల శ్రుతి ఎంత హెచ్చో' అని ఆశ్చర్యపడటం లేఖకుని పొరపాటును కవిప్రయోగంగా వ్యాఖ్యానించడం వంటిది.

రికార్డు మధ్యభాగపు కాగితం మీది వివరాలు, గాడి ముగిసినచోట చెక్కిన మూలముద్ర సంఖ్య, కంపెనీ విడుదల చేసిన పట్టికలు కాలనిర్ణయానికి ఆధారాలు. వాటి సహాయంతో మైకేల్ కిన్నియర్ గ్రామఫోను కంపెనీ 1899-1908 మధ్య చేసిన తొలి భారతీయ రికార్డుల పట్టికను సిద్ధం చేసి 1994లో ప్రచురించారు. వి.ఎ.కె. రంగారావు వంటి సేకర్తలు సొంత ఖర్చుతో, సొంత ఓపికతో వేల రికార్డులను కాపాడి, వాటి గురించి రాశారు. వ్యక్తుల శ్రమ ఇంత దూరం వచ్చినా, తెలుగు రికార్డుల పట్టిక తయారీని తమ బాధ్యతగా తెలుగు శాఖలు స్వీకరించలేదు. సేకర్త అభిరుచిని మెచ్చుకుంటూ సన్మానం చేయడం ఆ బాధ్యతను నెరవేర్చడం కాజాలదు.

ఇతర దేశాలలో ఈ గుర్తింపు ఆలస్యంగా రాలేదు. వియన్నాలో 1899లోనే ధ్వని భాండాగారం ఏర్పడింది. ఆ సంస్థ తరఫున ఫెలిక్స్ ఎక్స్‌నర్ 1904-05లో భారతదేశానికి వచ్చి సంస్కృత పఠనాన్ని ముద్రించాడు. ఆ భాండాగారపు చారిత్రక సేకరణలు 1999లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరాయి. మన దేశంలోనూ గ్రియర్సన్ భాషాపరిశీలనకు అనుబంధంగా గ్రామఫోను మీద భాషల నమూనాలను ముద్రించారు. మద్రాసు రాష్ట్రపు భాషలు, వాటితో పాటు తెలుగు, అందులో చేరాయి. వ్యావహారిక, గ్రాంథిక వాదాలు హోరాహోరీగా సాగిన దశాబ్దాలకు చెందిన తెలుగు గొంతులవి. గిడుగు, జయంతి రామయ్యపంతులు వర్గాల వాదాలను కరపత్రాల నుంచి, సభా ప్రసంగాల నుంచి పునర్నిర్మించే పరిశోధన, ఆనాటి పలుకు ఎలా ఉండేదో చెప్పగల ధ్వని ఆధారాన్ని పక్కన పెట్టుకుని చదవడం అలవాటు చేసుకోలేదు. వాడుకభాష మీద జరిగిన వివాద చరిత్రను కేవలం అచ్చు కాగితాల నుంచి రాయడంలోని విరోధాభాసను గుర్తించకపోవడం విచారకరం.

8. చేయవలసిన పని

ఈ స్థితిని మార్చడానికి భారీ నిధులు అవసరం లేదు. పరిశోధనా నియమాలలో మార్పు అవసరం.

మొదట, రికార్డును ప్రాథమిక ఆధారంగా పేర్కొనే పద్ధతిని పరిశోధనా గ్రంథాలు పాటించాలి. గాయకుని పేరు, కంపెనీ, రికార్డు సంఖ్య, మూలముద్ర సంఖ్య, విన్న ప్రతి ఉన్నచోటు, తిప్పిన వేగం, ఈ ఆరు వివరాలు తప్పనిసరి కావాలి. రెండవది, పద్యనాటకాల ముద్రణలకు రంగస్థల పాఠాంతరాలతో కూడిన పరిష్కృత ప్రతులు రావాలి. మూడవది, సేకర్తల వద్ద ఉన్న రికార్డుల పట్టికను, వస్తువులను తీసుకోకుండానే, వారి ఇళ్ళలోనే తయారుచేయాలి. లక్క రికార్డు పెళుసు; ఉక్కు ముల్లుతో విన్న ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది. కనుక ఈ పనికి గడువు ఉన్నది.

చట్టపరమైన భయం కూడా అతిశయోక్తే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీది హక్కు ప్రచురణ తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు మాత్రమే. 1950ల నాటి రికార్డులు సైతం ఆ గడువు దాటాయి. సాహిత్యం మీద రచయిత హక్కు ఆయన మరణానంతరం 60 ఏళ్ళ వరకు కొనసాగుతుంది కనుక దానిని విడిగా చూసుకోవాలి. పరిశోధన కోసం వినడానికి, పోల్చడానికి, వివరించడానికి మాత్రం చట్టం అడ్డురాదు.

9. ముగింపు

ధ్వనిముద్రణ యంత్రాల సాంస్కృతిక వారసత్వం యంత్రాలలో లేదు. అవి పట్టుకున్న మాటలో, ఆ మాటను పలికిన మనుషులలో, వినికిడి వల్ల మారిన పద్యం నడకలో ఉన్నది. సత్యభామ పాటను కూర్చిన నటుడు, కాటి సీనులో జాషువాను పాడిన నటుడు, తెలుగు జావళిని పరప్రాంతంలో పలికిన గాయని ఈ చరిత్రకు కర్తలు. అచ్చును మాత్రమే పాఠంగా గుర్తించే ప్రమాణం కొనసాగినంతకాలం వారు అధస్సూచికలలోనే ఉంటారు. తాళపత్రాల కోసం పూర్వ పండితులు ఊరూరు తిరిగారు. చెదలు తినకముందే నకళ్ళు రాయించారు. ఆ పరంపరకు వారసులమని చెప్పుకునే తెలుగు శాఖల ముందున్న పని కూడా అటువంటిదే. ఒక్క తేడా: తాటాకు శతాబ్దాలు ఆగింది. చేయి జారిన లక్క రికార్డు మరుక్షణం ముక్కలవుతుంది.